కడలి యొడ్డున కావలి

తాబేటిని గూర్చి మన పూర్వులొక వింత మాట చెప్పుచుండెడివారు. పక్షి తన గ్రుడ్లను రెక్కల క్రింద అదుముకొని పొదుగును. చేప తన చూపుచేతనే పొదుగును. తాబేలు మాత్రము ఒడ్డున గ్రుడ్లు పెట్టి నీటిలోనికి వెడలిపోవును. ఎంత దూరమున నున్నను వానిని మనసున తలచుచుండును. ఆ తలపు బలముననే పిల్లలు పుట్టునట! గురువు శిష్యుని అనుగ్రహించు మార్గములు స్పర్శ, దృష్టి, స్మరణ అని మూడు విధములుగా చెప్పిన పెద్దలు మూడవదానికి తాబేటినే దృష్టాంతముగా చూపిరి.

ప్రకృతిశాస్త్రము ఈ మాటను అంగీకరింపదు. సముద్రపు తాబేలు గ్రుడ్లు పెట్టి, గోతిని పూడ్చి, మరల వెనుదిరిగి చూడక నీటిలో కలిసిపోవును. పిమ్మట ఆ గ్రుడ్లను పొదుగునది ఇసుక వేడిమియే. తల్లి తలచుకొనునో లేదో మనకు తెలియు దారి లేదు. కాని చెన్నపట్టణపు సముద్రతీరమున ఆ గ్రుడ్లను రాత్రి వెంట రాత్రి తలచుచున్నవారు వేరే యున్నారు. వారు ఋషులు కారు, గురువులు కారు. పాఠశాలలందును కళాశాలలందును చదువుకొను పిల్లలు. 1988వ సంవత్సరమున వారు పూనిన కావలి నేటికిని సాగుచున్నది.

పర్యావరణ పరిరక్షణ అనగానే మన బడులలో మొదట స్ఫురించునది మొక్క నాటుట. 1950లో నాటి కేంద్ర వ్యవసాయ, ఆహార మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ఆరంభించిన నాటినుండి ఈ పండుగ వర్షాకాలమున జరుగుచునే యున్నది. జూన్ 5వ తేదీ ప్రపంచ పర్యావరణ దినము. పర్యావరణమును పాఠ్యాంశముగా బోధింపవలెనని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఇవన్నియు మంచివే. కాని నాటిన దినమున మొక్క చుట్టును మూగిన చేతులలో, నడివేసవిలో దానికి చెంబెడు నీరు పోయు చేతులెన్ని? మరుసటి యేడు అదే గోతిలో మరియొక మొక్కను నాటిన బడులను మనమెరుగుదుము. ఉత్సవము ఒక్కనాటితో ముగియును. ప్రాణమునకు కావలసినది ప్రతిదినపు శ్రద్ధ. అందుచేతనే చెన్నపట్టణపు విద్యార్థుల కథ మనము తెలిసికొనదగినది. వారు చేపట్టినది ఒక్కనాటి ఉత్సవము కాదు, నూరు రాత్రులకు మించిన జాగరణ.

ముందుగా ఆ తాబేటిని పరిచయము చేసికొందము. దాని పేరు ఆలివ్ రిడ్లే. సముద్రపు తాబేళ్లలో ఇది చిన్న జాతులలో నొకటి. అయినను రెండడుగులకు పైబడిన డిప్పయు, నలుబది కిలోలకు అటునిటుగా బరువును కలిగియుండును. కాళ్లు తెడ్లవలె నుండును. మగది పుట్టిననాడు ఒడ్డునుండి నీటిలోనికి దిగినది మొదలు మరల నేలకెక్కదు. ఆడది గ్రుడ్లు పెట్టుటకు మాత్రము, తాను పుట్టిన ప్రాంతమునకే, పది పదునైదు సంవత్సరముల తరువాత తిరిగి వచ్చును. నీటిలో తేలికగా ఈదిన ఆ దేహమును ఇసుక మీద ఈడ్చుకొనుచు, నడుమనడుమ ఆగి నిట్టూర్చుచు, పాటుపోటుల గీత దాటి పైకి వచ్చి, వెనుక కాళ్లతో ఒకటిన్నర అడుగు లోతు గొయ్యి త్రవ్వును. ఆ గొయ్యి కూజావలె మెడ సన్నగను, అడుగు వెడల్పుగను ఉండును. చూడకనే, కాళ్ల స్పర్శతోనే, అంత నేర్పుగా మలచునది చూచి ఏ కుమ్మరియైనను మెచ్చుకొనవలసినదే. అందులో నూరు, నూటయిరువది గ్రుడ్లు పెట్టును. ఆ సమయమున దాని కన్నులనుండి నీరు కారుచుండును. చూచినవారు అది ప్రసవవేదన యనుకొందురు. నిజమునకు అది దేహములోని అధికమైన ఉప్పును వెలికి పంపు మార్గము. పని ముగిసిన వెంటనే గోతిని కప్పి, గుర్తు తెలియకుండ పైనున్న ఇసుకను చెల్లాచెదరు చేసి, వచ్చిన దారికి ప్రక్కగా మరల సముద్రములో దిగిపోవును. ఒక గంట లోపల అంతయు ముగియును.

మద్రాసు తీరమున ఈ తాబేళ్లకు కావలి 1970 దశకపు తొలి సంవత్సరములందు మొదలైనది. అచట సర్పోద్యానమును నెలకొల్పిన రోములస్ విటేకర్, ఆయన మిత్రులు రాత్రులందు తీరము వెంట నడచి, కుక్కలకును గ్రుడ్లు అమ్ముకొనువారికిని చిక్కకముందే వానిని సేకరించి పొదిగింపసాగిరి. ఆ బృందమునకు చెందిన సతీష్ భాస్కర్ ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదువుటకు మద్రాసు వచ్చిన యువకుడు. తరగతి గదికంటె సముద్రమును ఎక్కువగా ప్రేమించి, చదువు విడిచి, దేశపు తీరమును వేలకొలది కిలోమీటర్లు కాలినడకన పరిశీలించినాడు. 1982లో లక్షద్వీపములందలి సుహేలి అను నిర్జన ద్వీపమున, పడవలు రాలేని వర్షాకాలపు నెలలు ఒంటరిగా గడిపి, పచ్చ తాబేళ్ల రాకపోకలను వ్రాసికొనినాడు. మన దేశమున సముద్రపు తాబేళ్లను గూర్చిన శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఆయన పేరు ముందు వరుసలో నుండును.

తరువాత కొన్ని సంవత్సరములు ప్రభుత్వ సంస్థలు ఈ పనిని చేపట్టినవి. 1980 దశకము చివర మద్రాసులో అటవీశాఖవారు దానిని విరమించిరి. ఒడ్డు ఖాళీ అయినది. తాబేళ్లు మాత్రము వచ్చుట మానలేదు. అప్పుడు కొందరు విద్యార్థులు ముందుకు వచ్చిరి. జీతములు లేవు, కార్యాలయము లేదు, పెద్దల పేరుగల కార్యవర్గము లేదు. 1988లో వారు 'స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్' అను పేర ఒక సంఘముగా నేర్పడి, అటవీశాఖ అనుమతితో రాత్రులు నడవసాగిరి.

వారి నడక తీరు ఇట్టిది. జనవరి మొదలు ఏప్రిల్ వరకు తాబేళ్ల కాలము. నగరము నిద్రించిన పిమ్మట, నడిరేయి సమయమున, నీలాంకరై వద్ద బయలుదేరి, పాలవాక్కము, కొట్టివాక్కము, తిరువాన్మియూరు మీదుగా బీసెంటు నగరు వరకు సుమారు ఏడు కిలోమీటర్లు తడి యిసుక వెంట నడచెదరు. చేతిదీపములుండును గాని వెలిగింపరు. వెలుగు చూచిన తల్లి తాబేలు గ్రుడ్లు పెట్టకయే వెనుకకు మరలిపోవచ్చును. కన్నులు చీకటికి అలవాటుపడిన కొలదికి ఇసుక మీది గుర్తులు తెలియవచ్చును. అలల గీతనుండి పైకి, ట్రాక్టరు చక్రము నడచినట్లు ఒక వెడల్పాటి జాడ కనబడిన చోట అందరును ఆగెదరు. వెళ్లిన జాడ యొకటి, వచ్చిన జాడ యొకటి. రెండింటి నడుమ కలత చెందిన ఇసుక. అచట ఎచటనో గూడున్నది; కాని ఎచట?

ఇచ్చట పుస్తకము పనికిరాదు. మొన మొద్దుగానున్న కర్రను ఇసుకలో మెల్లగా దింపుచు, గట్టినేల యేదో, త్రవ్వి పూడ్చిన మెత్తని నేల యేదో అరచేతితో గ్రహింపవలెను. ఒక్క అంగుళము ఎక్కువ ఒత్తిడి పెట్టినచో గ్రుడ్లు పగులును. ఈ నేర్పు గ్రుడ్లు త్రవ్వి అమ్ముకొనువారికి పూర్వమునుండి తెలిసినదే. విద్యార్థులు దానినే కాపాడుటకు వాడిరి. గూడు దొరికిన పిమ్మట చేతులతో ఇసుక తీసి, గ్రుడ్లను ఒక్కొక్కటిగా లెక్కించి సంచిలో పెట్టుదురు. ఆలస్యము పనికిరాదు, కొన్ని గంటలు గడచిన పిమ్మట లోని పిండము పెంకునకు అంటుకొనును, అప్పుడు గ్రుడ్డు దొర్లినచో ప్రాణము పోవును. అందుచేత కుదుపు తగలకుండ, పసిబిడ్డను మోసినట్లు మోసికొనివచ్చి, కంచె కట్టిన హేచరీ ఆవరణములో తల్లి త్రవ్విన లోతుననే, తల్లి మలచిన ఆకారముననే మరల గొయ్యి త్రవ్వి పాతిపెట్టుదురు. తేదీ, వేళ, దొరికిన చోటు, గ్రుడ్ల సంఖ్య పుస్తకములో నెక్కును. అప్పటికి తూరుపు తెల్లవారుచుండును. కొందరు అటునుండి అటే బడికి పోవలసినవారు.

ఈ తాబేళ్ల కాలము పరీక్షల కాలము కూడనని చదువరులు గమనించియే యుందురు. తల్లిదండ్రులకు ఇది చిన్న విషయము కాదు. రేపు గణితపు పరీక్ష యుండగా నేడు రాత్రి ఒడ్డున తిరుగు కుమారుని, అందులోను కుమార్తెను, పంపుటకు ఏ తల్లికి మనసొప్పును? అయినను బృందము ఒక పద్ధతి యేర్పరచుకొన్నది. పరీక్షలున్నవారికి బదులు లేనివారు నడతురు. ఒకరు పోలేని రాత్రి మరొకరు పోవుదురు. వంతు తప్పవచ్చును గాని రాత్రి తప్పరాదు. ఇంత చిన్న నియమము మీదనే అంత పెద్ద పని నిలిచియున్నది.

నలుబదియైదు, ఏబది దినములకు గ్రుడ్లు పగిలి, పిల్లలు కలసికట్టుగా ఇసుకను త్రోసికొని పైకి వచ్చును. సహజముగా వానికి తెలిసిన దారి యొక్కటే: ఎచట ఎక్కువ వెలుగున్నదో అటు పోవుట. మానవుడు దీపములు పెట్టని కాలమున రాత్రివేళ ఎక్కువ వెలుగు సముద్రము మీదనే యుండెడిది. నేడు వీధి దీపముల వెలుగునకు మోసపోయి అవి రోడ్డువైపు ప్రాకి, వాహనముల క్రింద పడియో, కుక్కల వాతబడియో, ఉదయపు ఎండకు మాడియో చచ్చును. తీరపు దీపములను ఆ నెలలలో రాత్రివేళ ఆర్పుడని విద్యార్థులు అధికారులను అర్థించుచుండుటకు కారణమిదియే. హేచరీలో పుట్టిన పిల్లలను వారు నేరుగా నీటిలో విడువరు. కొంత దూరమున ఇసుక మీద విడిచిపెట్టి, వాటంతట అవి ప్రాకి పోనిత్తురు. తాను పుట్టిన తీరపు గుర్తును తాబేలు మనసున నాటుకొనునది అప్పుడే యని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. దారిలో నిలబడి చూచు జనమును ప్రక్కకు తొలగుడని వేడుకొనుట కూడ విద్యార్థుల పనియే.

మంచి పని యన్నంత మాత్రమున ప్రశ్నలు లేకపోవు. గ్రుడ్లను తరలింపకుండ పెట్టిన చోటనే కాపాడుట ఉత్తమమని జీవశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అందుకు కారణము కలదు. తాబేలు పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది తల్లి కాదు, తండ్రి కాదు, ఇసుక వేడిమి. ఇంచుమించు 29, 30 డిగ్రీల సెంటీగ్రేడునకు పైన ఆడవి, దిగువన మగవి ఎక్కువగా పుట్టును. ఒకే ఆవరణమున అన్ని గూళ్లను ఎండలో పాతిపెట్టినచో ఒక తరమంతయు ఆడవియే కావచ్చును. మరింత వేడెక్కినచో అసలు పుట్టకనే పోవచ్చును. అందుచేతనే ఎండలు ముదిరినప్పుడు గూళ్లపై నీడ పందిరి వేయవలసి వచ్చును. కుక్కలును దీపములును జనసమ్మర్దమును లేని తీరమున హేచరీ అనవసరము. నగరపు ఒడ్డున మాత్రము వదిలిన గూటికి బ్రతుకు ఆశ బహు స్వల్పము. ఈ రెండింటి తారతమ్యము నెరిగి పని చేయుట చదువుకొనిన వారి లక్షణము.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి కలదు. వేయి పిల్లలు నీటిలో దిగినచో పెరిగి పెద్దదై తిరిగి వచ్చునది ఒక్కటి మాత్రమే యని సాధారణముగా చెప్పు అంచనా. అట్లు బ్రతికిన తల్లి తాబేలు పదునైదేండ్ల తరువాత గ్రుడ్లతో ఒడ్డును సమీపించు వేళ ట్రాలరు వలలో చిక్కి చచ్చినచో, విద్యార్థులు కాచిన రాత్రులు ఏమైనట్లు? తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. గంటలకొలది నీటి అడుగున ఈడ్చుకొనిపోవు వలలో అది మునిగి చచ్చును. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరమునకు వందలకొలది తాబేళ్ల కళేబరములు కొట్టుకొనివచ్చినవి. జాతీయ హరిత ట్రిబ్యునలు దక్షిణ పీఠము తనంతట తానే ఆ విషయమును విచారణకు చేపట్టినది. తీరమునకు ఐదు నాటికల్ మైళ్ల లోపల ట్రాలర్లు వేటాడరాదని తమిళనాట నియమమున్నది. తాబేలు తప్పించుకొనుటకు వలలో అమర్చు చట్రములును ఉన్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో ఈ తాబేలు పేరున్నది. చట్టముండుట యొకటి, వలకు చట్రముండుట మరొకటి.

ఇచ్చట విద్యార్థులు చేయగలిగినదేమి? ట్రాలరును ఆపలేరు. కాని తాము నడచు దారిలో కనబడిన ప్రతి కళేబరమును లెక్కించి, వ్రాసిపెట్టుదురు. ఎవరును చూడని రాత్రి ఒడ్డున పడిన చావునకు అదియే సాక్ష్యము. అధికారికి, న్యాయస్థానమునకు, పత్రికకు ఈ ఏడు ఎన్ని, నిరుడెన్ని యని చెప్పవలెనన్నచో, ఏటేటా నడచి వ్రాసినవారి పుస్తకమే ఆధారము. గ్రుడ్లను లెక్కించిన చేతులే శవములను లెక్కించుట పదునారేండ్ల బాలునకు బరువైన పాఠము. ఆ పాఠమును నేర్చియు మరునాడు రాత్రి తిరిగి నడకకు వచ్చినవాడే ఈ పనికి నిజమైన వారసుడు.

వారసుడన్న మాటయందే ఈ కథకు కీలకమున్నది. విద్యార్థి దశ మూడు నాలుగేండ్లది. తాబేలు ఎదుగుటకు పది పదునైదేండ్లు. తాను సాగనంపిన పిల్ల తల్లియై తిరిగి వచ్చునాటికి ఆ విద్యార్థి విద్యార్థిగా నుండడు. ఏ దేశముననో ఉద్యోగము చేయుచుండును. ఇంత కొద్దికాలముండువారు అంత దీర్ఘకాలపు పనిని ఎట్లు మోయగలరు? ఒక్కటే ఉపాయము. కర్రను ఇసుకలో ఎంత ఒత్తిడితో దింపవలెనో నేర్చినవాడు తన తరువాతివాని చేతిని పట్టుకొని చూపవలెను. తొలి బృందములోని కార్తీక్ శంకర్ తరువాత బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యుడై సముద్రపు తాబేళ్లపై పరిశోధనలు సాగించినాడు. ఉపాధ్యాయులై తమ శిష్యులను అదే ఒడ్డునకు తోడ్కొనివచ్చినవారును కలరు. అనేకులు వేరే వృత్తులలో కలిసిపోయిరి. కాని ఏ తరమును కర్రను తనతో తీసికొనిపోలేదు. వారాంతపు రాత్రులందు నగరవాసులను కూడ నడకకు ఆహ్వానించుటచే, ఒకనాడు విద్యార్థులదిగా మొదలైన పని ఊరి పనిగా మారినది. పిల్లవాని చేయి పట్టుకొని వచ్చిన తండ్రి, చీకటిలో ఏడు కిలోమీటర్లు నడచిన పిమ్మట, ఇంటికి పోయి తన వీథి దీపమును వేరు కన్నుతో చూచును.

మన ఆంధ్రతీరమునకు ఈ అతిథి క్రొత్తది కాదు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు ఆలివ్ రిడ్లే గ్రుడ్లు పెట్టు ఒడ్డులు కలవు. విశాఖపట్టణపు రామకృష్ణా బీచి వద్ద అటవీశాఖవారు హేచరీ నడుపుదురు. ఒడిషాలో వేలకొలది తాబేళ్లు ఒకేసారి ఒడ్డునకెక్కు ఋషికుల్యా ముఖద్వారమున్న గంజాం తీరమున తెలుగు మాటలాడు మత్స్యకారులు అనేకులున్నారు. వలలో చిక్కిన తాబేటిని దైవముగా భావించి నీటిలో విడుచు సంప్రదాయము మన పల్లెకారులలో పెక్కుచోట్ల కలదు. శ్రీకూర్మమున తాబేటినే దేవుడుగా నిలిపి కొలిచిన దేశము మనది. అట్టి తీరమున గల ఏ ఊరి బడియైనను ఈ పనికి తగినదే. అయితే మొదట వేసికొనవలసిన ప్రశ్న ఎన్ని మొక్కలు, ఎన్ని తాబేళ్లు అని కాదు. నేను ఈ బడి విడిచిన మరునాడు ఈ పనికి వచ్చువాడెవడు? ఈ ప్రశ్నకు సమాధానము సిద్ధపరచుకొనిన పిమ్మటనే చెరువు శుభ్రము చేయుటయైనను, చెట్టు పెంచుటయైనను మొదలుపెట్టుట మేలు.

తలపుచే తాబేలు గ్రుడ్లను పొదుగునన్న పెద్దల మాట శాస్త్రమునకు నిలువకపోవచ్చును. కాని ఆ మాటలోని భావము చెన్నపట్టణపు ఇసుకలో నేటికిని నిజమగుచున్నది. ఇంటిలో మేలుకొని, చెప్పులు విడిచి, ఈ రాత్రి వంతు నాది యని గుర్తుంచుకొని బయలుదేరు ఒక బాలుడో బాలికయో ఉన్నంత వరకు, ఆ గ్రుడ్లను తలచువారు లేరని చెప్ప వీలులేదు.